వెంట్రుకకు పుట్టుకతో వచ్చిన నూనెను కాపాడుకోవడం ఎలా?

దేవరకొండ దగ్గర మా ఊళ్లో ఆదివారం పొద్దున మా ఇంటి అరుగు మీద మూడు తరాల తలలు వరుసగా కూర్చుంటాయి. నాయనమ్మది పిడికెడు తెల్ల కొప్పు. చిన్నమ్మది నడుము దాకా జడ. ఆమె కూతురు, అంటే మా చెల్లెది, బతుకమ్మ పండుగ ముందు పార్లర్లో స్ట్రెయిటెనింగ్ చేయించి, ఆపైన గోధుమ రంగు వేయించిన జుట్టు. ముగ్గురికీ నూనె ఒకే సీసాలోంచి. నాయనమ్మకు రెండు చుక్కలు రాస్తే రెండు రోజులు నిగనిగలాడుతుంది. చెల్లెకు గిన్నెడు పోసినా సాయంత్రానికి ఎండుగడ్డే. “గీ నూనె మంచిగ లేదు బిడ్డా” అని నాయనమ్మ మూడుసార్లు సీసాలు మార్పించింది. నూనె బాగానే ఉంది. చెల్లె వెంట్రుకకు పుట్టుకతో వచ్చిన నూనె పోయింది, అది సీసాలో దొరకదు.

ఈ సంగతి అర్థమైతే తలకు ఎప్పుడు ఏం రాయాలో, ఏం రాయకూడదో తెలుస్తుంది. అందుకని నేను చేసి చూసిన వరుసలోనే చెప్తాను.

ముందుగా, ఏ నూనె ఎక్కడుంటుంది

వెంట్రుకలో ఎక్కువ భాగం కెరాటిన్ అనే ప్రొటీన్. కొవ్వులు, అంటే లిపిడ్లు, బరువులో కొద్ది శాతమే. కానీ మెరుపు, జారుడు, తడి తట్టుకోవడం చాలావరకు వాటి చేతిలోనే ఉంటాయి. అవి మూడు చోట్ల ఉంటాయి.

ఒకటి, చర్మం నుంచి ఊరే జిడ్డు. దీన్నే సీబమ్ అంటారు. కుదురు పక్కనున్న గ్రంథులు దీన్ని తయారు చేస్తాయి. ట్రైగ్లిజరైడ్లు, కొవ్వు ఆమ్లాలు, మైనం లాంటి ఎస్టర్లు, స్క్వాలీన్ కలిసిన మిశ్రమం ఇది. రెండోది వెంట్రుక లోపల కణాల మధ్య ఉండే పూత. సెరమైడ్లు, కొలెస్ట్రాల్ సల్ఫేట్, కొవ్వు ఆమ్లాలు కలిసి కణాలను పట్టి ఉంచుతాయి.

మూడోది అన్నిటికన్నా పలుచనిది, అన్నిటికన్నా విలువైనది. వెంట్రుక పైన పొలుసులుంటాయి. పెంకుటింటి కప్పు మీద పెంకులు కొప్పు నుంచి చూరు వైపు ఒకదాని మీద ఒకటి ఎట్లా పరుస్తామో, పొలుసులు కూడా కుదురు నుంచి కొస వైపు అట్లాగే పరుచుకుని ఉంటాయి. ఆ పెంకుల పైముఖాన ఒకే ఒక్క అణువు మందాన కొవ్వు ఆమ్లం అతుక్కుని ఉంటుంది. దాని పేరు 18-మిథైల్ ఐకోసనోయిక్ ఆమ్లం. ఇది ఊరికే పూసినట్టు ఉండదు. గంధకపు బంధంతో పొలుసుకు కట్టేసి ఉంటుంది. మామూలుగా తల కడిగితే పోదు. బ్లీచింగు, క్షారం ఎక్కువున్న రంగులు, స్ట్రెయిటెనింగ్ మందులు ఆ బంధాన్ని తెంపేస్తాయి.

వెంట్రుక తయారయ్యేటప్పుడే ఈ పొర కుదురులో పడుతుంది. బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు, కాబట్టి ఒకసారి పోతే ఆ వెంట్రుక మీద మళ్లీ పుట్టదు. జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. రెండడుగుల జడ కొస అంటే అయిదేళ్ల కిందటి వెంట్రుక. అయిదేళ్లు ఎండలో ఆరేసిన చీర రంగు ఎట్లుంటుందో తల్చుకోండి, కొసలు ఎందుకు బరకగా ఉంటాయో అడగక్కర్లేదు.

మొదటి అడుగు: నీటి చుక్క పరీక్ష

తల కడిగి, కండిషనర్ గానీ నూనె గానీ పెట్టకుండా ఆరబెట్టండి. వేలెడు వెడల్పున ఒక పాయ తీసి స్టీలు ప్లేటు మీద చదునుగా పరవండి. మందు సీసాతో వచ్చే డ్రాపర్ ఉంటే మంచిది, లేకుంటే వేలి కొసనుంచి ఒక చుక్క నీళ్లు కుదురు దగ్గర వదలండి. ఇంకో చుక్క మధ్యలో, ఇంకోటి కొస దగ్గర.

చిన్నమ్మ పాయ మీద కుదురు దగ్గర చుక్క చామగడ్డ ఆకు మీద పడ్డట్టు గుండ్రంగా నిలబడింది. ప్లేటు కొంచెం వంచితే జారిపోయింది. కొస దగ్గర చుక్క కాసేపు నిలబడి మెల్లగా పరుచుకుంది. చెల్లె జుట్టు మీద మధ్యలో వేసిన చుక్క మేము చూస్తుండగానే ఇంకిపోయింది. అక్కడ పొలుసుల మీది పొర లేదన్నమాట.

చుక్క నిలబడే చోట జుట్టుకు మీరు చేయాల్సింది దాదాపు ఏమీ లేదు, పాడు చేయకుండా ఉంటే చాలు. చుక్క ఇంకే చోట నూనె, కండిషనర్ పని ఉంది. తల మొత్తానికి ఒకే లెక్కన నూనె పోయడం ఎందుకు దండగో ఈ రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

రెండో అడుగు: మీ నీళ్లు ఎట్లాంటివో చూడండి

ఇది మన జిల్లాల్లో తప్పనిసరి. నల్లగొండ అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. నీళ్లలో పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి లోకమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే పెట్టారు. అయితే ఫ్లోరైడ్ దెబ్బ పళ్లకు, ఎముకలకు. జుట్టును సతాయించేది వేరే, అది నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. వాటివల్లే నీళ్లు కఠినమవుతాయి. మిషన్ భగీరథ నల్లా వచ్చాక తాగే నీళ్లు మారాయి గానీ, చాలా ఇళ్లల్లో స్నానానికి ఇప్పటికీ బోరు నీళ్లే.

ఖాళీ నీళ్ల బాటిల్లో సగం బోరు నీళ్లు పోసి, ఒంటి సబ్బు చిన్న ముక్క గీకి వేసి గట్టిగా ఊపండి. నురగ నిలబడితే మంచిదే. నురగ రాకుండా పెరుగు విరిగినట్టు తెల్లటి తెట్టె తేలితే అవి కఠినమైన నీళ్లు. హీటర్ రాడ్డు మీద సున్నం పొర కట్టినా అదే గుర్తు. సబ్బుతో తల రుద్దుకుంటే ఆ తెట్టే వెంట్రుకల మీద కూర్చుంటుంది. జుట్టు జిగటగా, మసకగా, దువ్వెనకు రాకుండా తయారవుతుంది. చాలామంది దాన్ని జిడ్డు అనుకుని ఇంకా ఎక్కువ సబ్బు రుద్దుతారు. అట్లా అసలు జిడ్డు పోతుంది, తెట్టె మిగులుతుంది.

అందుకే బోరు నీళ్లున్న ఇంట్లో తలకు ఒంటి సబ్బు వద్దే వద్దు. సబ్బు క్షారం కూడా, దాని పీహెచ్ (పులుపో క్షారమో చెప్పే కొలత, 7 దాటితే క్షారం) 9, 10 దగ్గర ఉంటుంది. తల చర్మం 5.5 చుట్టుపక్కల ఉంటుంది. క్షారం తగిలితే పొలుసులు లేస్తాయి.

ఆఖరి చెంబుల కోసం ఒక చిట్కా. రెండు చెంబుల నీళ్లలో అర చెక్క నిమ్మకాయ పిండి, గింజలు వడకట్టి, కడగడం అయ్యాక జడ పొడుగునా పోసుకుని ఒక నిమిషం ఆగి మామూలు నీళ్లతో తొలపండి. సున్నం పొర కొంత వదులుతుంది, పొలుసులు పడుకుంటాయి. నెత్తి మీద పుండ్లు, గోకిన గాట్లు ఉంటే మాత్రం ప్రాణం పోయేంత మంట, వద్దు. వానాకాలంలో చూరు నీళ్లు పట్టే ఓపిక ఉంటే అంతకు మించింది లేదు.

మూడో అడుగు: నూనె ఎంచుకోవడం

మన వైపు కొబ్బరి చెట్టు ఇంటికి ఒకటి ఉంటే గొప్ప. గద్వాల, వనపర్తి, అచ్చంపేటల్లో పల్లికాయ, పాలమూరు, నల్లగొండ చెల్కల్లో ఆముదాలు, అక్కడక్కడ నువ్వులు, కుసుమలు. మన నూనెలు ఇవి. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని వ్యవసాయ పరిశోధన కేంద్రం ఆముదం వంగడాలకే పేరు పడింది. కాబట్టి నాయనమ్మల కాలంలో తలకు ఆముదమో, మంచినూనెనో రాసేవాళ్లు. కొబ్బరినూనె డబ్బాల్లో వచ్చింది.

అయినా ఒప్పుకోవాల్సిన మాట, వెంట్రుక లోపలికి దూరే విషయంలో కొబ్బరినూనెదే పైచేయి. అందులో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దాని అణువు చిన్నది, నిటారుగా ఉంటుంది, ప్రొటీన్‌తో సఖ్యంగా ఉంటుంది. అందుకే కణాల మధ్యలోకి జారుకోగలదు. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చారు. కడగకముందు రాసినా, కడిగాక రాసినా జుట్టు నుంచి ప్రొటీన్ పోవడాన్ని బాగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. ఆ పని చేసినవాళ్లు కొబ్బరినూనె అమ్మే కంపెనీ శాస్త్రవేత్తలే అనే సంగతి కూడా గుర్తుంచుకోండి. నా అనుభవం మాత్రం దానికి అడ్డం పోలేదు.

నువ్వుల నూనె, పల్లినూనెల్లో ఓలిక్, లినోలిక్ ఆమ్లాలు ఎక్కువ. ఇవి పెద్ద అణువులు, వంకర తిరిగినవి. ఎక్కువగా పైపైనే ఉండి జారుడునిస్తాయి. కొబ్బరినూనె వాసన పడనివాళ్లు నువ్వుల నూనె వాడొచ్చు, నష్టం లేదు.

సువాసనల నూనె సీసా వెనక్కి తిప్పి చదవండి. మొదటి పేరు ‘లైట్ లిక్విడ్ పారాఫిన్’ అనో ‘మినరల్ ఆయిల్’ అనో ఉంటే అది పెట్రోలియం నుంచి వచ్చింది. విషమేమీ కాదు, వెంట్రుకలు రాసుకోకుండా పైన జారుడునిస్తుంది. లోపలికి మాత్రం పోదు. కొబ్బరినూనె ధర పెట్టి అది కొనడం ఎందుకనేదే నా బాధ.

ఇక ఆముదం. దీని గురించి కొంచెం నిలబడి చెప్పాలి. ఇందులో 85 నుంచి 90 శాతం రిసినోలిక్ ఆమ్లం. అందుకే అంత చిక్కన. నాయనమ్మ ఇప్పటికీ ఇంట్లో వండుతుంది. ఆముదాలు దోరగా వేయించి, రోట్లో మెత్తగా దంచి, పెద్ద గిన్నెలో నీళ్లు పోసి మరిగిస్తుంది. నూనె మెల్లగా పైకి తేలుతుంది. గరిటెతో తీసి ఇంకో గిన్నెలో వేసి, చిటపటలు ఆగేదాకా కాస్తుంది. చిటపట ఆగిందంటే నీటి చెమ్మ పోయినట్టు. ఒక జాగ్రత్త మరవొద్దు. ఆముదం గింజలో రిసిన్ అనే గట్టి విషం ఉంటుంది. అది నూనెలోకి రాదు, పిప్పిలో ఉండిపోతుంది. ఆ పిప్పిని పశువులకు వేయొద్దు, పిల్లలకు గింజలు అందనీయొద్దు.

చిక్కటి ఆముదాన్ని పొడుగు జుట్టుకు ఉత్తగా పట్టించడం నేను చేసిన పెద్ద తప్పు. ఇంటర్ చదివేటప్పుడు జుట్టు దట్టమవుతుందని ఎవరో అంటే నడుము దాకా పట్టించి, రెండు గంటలయ్యాక వేడినీళ్లతో గిరగిరా రుద్ది కడిగాను. జుట్టంతా ఒక్క ఉండ అయింది, గొర్రెబొచ్చు కంబళిలాగా. చిన్నమ్మ సాయంత్రం దాకా సూదితో విడదీసింది, ఆఖరికి జానెడు కత్తిరించింది. ఇట్లా ముద్ద కట్టడం వైద్యులకు తెలిసిందే, ఆముదం వల్ల అయిన కేసులూ ఉన్నాయి. అప్పటి నుంచి నా లెక్క ఇది: నాలుగు చెంచాల కొబ్బరినూనెకు ఒక చెంచా ఆముదం, అంతకు మించి లేదు.

నాలుగో అడుగు: రాయడం

నూనె తలస్నానానికి ముందు రాయాలి. తడిసినప్పుడు వెంట్రుక నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. ఉబ్బడం ముడుచుకోవడం అయిన కొద్దీ పొలుసులు లేస్తాయి. లోపలికి దూరిన కొబ్బరినూనె ఆ ఉబ్బును తగ్గిస్తుంది. అది దూరడానికి కొన్ని గంటలు పడుతుంది కాబట్టి రాత్రి రాసి పొద్దున కడగడం మేలు. ఎండాకాలంలో బాయిల ఈతకు పోయే పిల్లలకు కూడా ముందే పొడుగునా రాసి పంపండి.

నడుము దాకా జడకు రెండు టీ చెంచాలు చాలు. చలికాలం పొద్దున సీసాలో నూనె గడ్డ కడుతుంది, 24 డిగ్రీల కిందికి దిగితే కొబ్బరినూనె గుణమే అంత. పొయ్యి మీద పెట్టొద్దు. గిన్నెలో తీసి వేడినీళ్ల చెంబులో ఉంచితే కరుగుతుంది. అరచేతుల్లో రుద్దుకుని కొసల నుంచి మొదలుపెట్టి చెవుల దాకా రండి. ఆ తర్వాత చేతిలో మిగిలిందే నెత్తికి. నెత్తికి సొంత జిడ్డు ఉంది, కొసలకు లేదు. మనమేమో నడినెత్తిన పోసి, కొసలకు చేతులు తుడుచుకుంటాం.

నెత్తి మీద జిడ్డు కొసల దాకా పోవాలంటే దువ్వెనే దారి. నిటారు జుట్టుకు తేలిగ్గా దిగుతుంది, ఉంగరాల జుట్టుకు మలుపు మలుపుకీ ఆగిపోతుంది. అందుకే ఉంగరాల జుట్టు ఎప్పుడూ పొడిగా అనిపిస్తుంది, నూనె వాళ్లకే ఎక్కువ కావాలి. ఈడుకు రాని పిల్లలకు జిడ్డు ఊరడం తక్కువ, ఈడు వచ్చాక పెరుగుతుంది, ముట్లుడిగాక ఆడవాళ్లకు మళ్లీ తగ్గుతుంది. ఒకే ఇంట్లో అందరికీ ఒకే రోజు తలస్నానం అనే పద్ధతి వీలుకోసమే తప్ప జుట్టు కోసం కాదు.

అయిదో అడుగు: కడగడం

కుంకుడుకాయలు మంచివే. వాటి నురగ సాపోనిన్లు అనే, కాయలోనే ఉండే నురగ పదార్థాల వల్ల వస్తుంది, బోరు నీళ్లలో సబ్బులాగా తెట్టె కట్టదు. పొడుగు జుట్టుకు పది, పన్నెండు కాయలు పగలగొట్టి, గింజలు తీసి, రాత్రి వేడినీళ్లలో నానేసి, పొద్దున పిసికి పలుచటి గుడ్డలో వడకట్టండి. వడకట్టకుంటే పిప్పి జుట్టులో చిక్కుకుని, తీయబోతే వెంట్రుకలు తెగుతాయి. సహజమైనది కదా అని చిక్కగా పోసుకోవద్దు. కుంకుడు కూడా జిడ్డును లాగేస్తుంది. పలుచగా, ఒక్కసారే, నెత్తికి మాత్రమే. పొడుగుకు పై నుంచి జారే నురగ సరిపోతుంది.

షాంపూ వాడేవాళ్లకు కూడా ఇదే లెక్క, రూపాయి సాచెట్ అయినా నీళ్లలో కలిపి పోసుకోండి. రాసిన నూనె చుక్క మిగలకుండా పోవాలని రెండుమూడుసార్లు రుద్దితే రాత్రి రాసిన కష్టం మోరీపాలు. నీళ్లు గోరువెచ్చగా చాలు.

కండిషనర్ గురించి మన ఇళ్లల్లో అనుమానం ఎక్కువ, “కెమికల్” అని. పైపొర పోయిన జుట్టుకు రుణావేశం ఉంటుంది, కండిషనర్‌లోని ధనావేశమున్న కొవ్వు అణువులు పోయి అక్కడే అతుక్కుంటాయి. పాడైన చోటే ఎక్కువ పట్టుకోవడం దాని సొగసు. పోయిన పొరకు తాత్కాలిక బదులు అన్నమాట, కడిగినప్పుడల్లా మళ్లీ రాయాలి. మా చెల్లెకు నూనె చేయనిది కండిషనర్ చేసింది. ఇంట్లో కావాలంటే మందారాకు పిసికిన జిగురు జారుడునిస్తుంది, చిక్కులు తీయడానికి బాగుంటుంది.

తడి జుట్టును టవల్‌తో ఫట్‌ఫట్‌మని దులపొద్దు. అద్దండి. పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి చిక్కు తీస్తూ పైకి రండి. ఈర్పెనను పేలకే ఉంచండి.

ఆరో అడుగు: ఎండ, రంగు, ఇస్త్రీ

ఎండలోని అతినీలలోహిత కిరణాలు వెంట్రుక కొవ్వులను, ప్రొటీన్‌ను విరగ్గొడతాయి. పత్తి ఏరే ఆడవాళ్లు తలకు తువ్వాల చుట్టుకునేది వేడికే అయినా, జుట్టుకూ అదే మందు. స్కూటీ మీద పోయే పిల్లలు జడను చున్నీ లోపల వేసుకుంటే చాలు.

రంగు వేయించుకోక తప్పకపోతే పెరిగిన కుదురు భాగానికే వేయించండి. ప్రతిసారీ కొసల దాకా పూస్తే మిగిలిన పొర కూడా పోతుంది. లేత రంగు కావాలంటే బ్లీచ్ తప్పదు, అన్నిటికన్నా నష్టం దానిదే. త్వరగా నల్లగా పండే ‘బ్లాక్ హెన్నా’ ప్యాకెట్లలో పీపీడీ అనే రంగు మందు ఉంటుంది, కొందరికి ముఖమంతా వాస్తుంది. మోచేతి మడతలో చుక్క రాసి 48 గంటలు చూశాకే తలకు పెట్టండి. స్ట్రెయిటెనర్ ఇస్త్రీ తడి జుట్టు మీద పెట్టొద్దు, లోపలి నీరు ఆవిరై వెంట్రుకను బుడగలాగా పేలుస్తుంది.

నూనె వద్దనాల్సిన చోటు

చుండ్రు ఉంటే నెత్తికి నూనె ఆపండి. మలాసీజియా అనే ఫంగస్ మన జిడ్డు తినే బతుకుతుంది. అది కొవ్వును విరిచినప్పుడు మిగిలే ఓలిక్ ఆమ్లమే దురద పెడుతుంది. నూనె రాస్తే పొట్టు అతుక్కుని చుండ్రు పోయినట్టు కనిపిస్తుంది, లోపల దానికి విందు. కీటోకొనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, నురగను మూడు నుంచి అయిదు నిమిషాలు ఉంచి కడగాలి. నెల రోజుల్లో తగ్గకపోతే చర్మ డాక్టరు దగ్గరికి పోవాలి. కొసలకు నూనె రాయొచ్చు, దానికి అడ్డం లేదు.

రాలడం వేరే కథ. రోజుకు 50 నుంచి 100 రాలడం మామూలే. వారానికి ఒకసారి తల కడిగేవాళ్లకు వారం రోజులవి ఒక్కసారే జాలిలో కనిపించి గుండె జారుతుంది. డెంగీ, టైఫాయిడ్, కాన్పు అయిన రెండు మూడు నెలలకు కుచ్చులు కుచ్చులుగా రాలితే, సాధారణంగా అర్ధ సంవత్సరంలో అదే సర్దుకుంటుంది. రక్తం తక్కువున్నా, థైరాయిడ్ ఉన్నా నూనెతో ఆగదు, రక్త పరీక్ష చేయించాలి. రూపాయి బిళ్లంత గుండ్రంగా ఊడితే ఆలస్యం చేయొద్దు.

తిండి సంగతికొస్తే, లినోలిక్ ఆమ్లం ఒంట్లో తయారు కాదు, తినాల్సిందే. అది బాగా లోపిస్తే జుట్టు రాలుతుంది, చర్మం పొలుసులు కడుతుంది. పల్లిచట్నీ, నువ్వుల పొడి, సర్వపిండి తినే ఇంట్లో దానికి కరువు రాదు. కరువొచ్చేది పప్పు, గుడ్డు, ఐరన్‌కు.

మొన్న దీపావళి ముందు చెల్లె తల మీద మళ్లీ చుక్క పరీక్ష చేశాం. పార్లర్‌కు పోయి ఏడాది దాటింది. కుదురు నుంచి చెవి పైదాకా చుక్క గుండ్రంగా నిలబడింది, అక్కణ్నుంచి కిందికి ఇంకిపోయింది. నాయనమ్మ వంగి చూసి, “గీడి దాంక నీది, గా కిందిది వాళ్లది” అంది. చెల్లె ఆ గీత దగ్గర ఒక పిన్ను పెట్టుకుని, చిన్నమ్మను కత్తెర తెమ్మంది.